మన పట్టణముల విన్నపము

నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము పురపాలక సంఘములు ప్రభుత్వమునకు చేసికొను విన్నపములు. పట్టణమునకు ధనము కావలెను. సొంత పన్నులు చాలనపుడు ప్రభుత్వము నడుగవలెను. చట్టము అడ్డుగ నున్నపుడు దానిని మార్పుమని శాసనసభ నడుగవలెను. ఏది ముందడుగవలెను, ఏది వెనుక నడుగవలెను అను నిర్ణయము చేయవలసినవా రెవరు? ఈ చిన్న ప్రశ్నకు మన శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల చరిత్రలో సుమారు నూటడెబ్బది సంవత్సరముల సమాధానము కలదు. దానిని సంగ్రహముగ మనవి చేసెదను.

ఇది పట్టణవాసుల గొడవ గదా, పల్లెటూరి పెద్దలకు వినిపింపనేల అని కొందఱు తలపవచ్చును. నేను బడిలో పాఠములు చెప్పు కాలమున ఒక విద్యార్థి తండ్రి నన్ను సూటిగనే యడిగెను: "మేష్టరుగారూ, ఈ మునిసిపాలిటీ పాఠం మావాడికెందుకండీ? రేపు వాడు దున్నుకోవలసింది పొలమే గదండీ!" నేనతనితో నిట్లంటిని: "బాబూ, నీ కూరలమ్ము బజారు పట్టణములో నున్నది. నీ యింట జబ్బు చేసిన నెత్తుకొని పోవలసిన ఆసుపత్రి పట్టణములో నున్నది. మన యేటినీరు పట్టణపు కుళాయిలోనికి పోవుచున్నది. పట్టణపు మురుగు మన యేటిలోనికి వచ్చుచున్నది. ఇక మనకు సంబంధము లేదనుట యెట్లు?" అతడు నవ్వి యూరకుండెను. ఆ మాటను మార్చుకొనవలసిన అవసరము నాకు నేటికిని కనబడలేదు.

'విన్నపము' అను మాటను పండితులు 'విజ్ఞాపనము' అను సంస్కృతపదమునకు వికృతిగ చెప్పుదురు. విజ్ఞాపన మనగా తెలియజేయుట, యాచించుట కాదు. తెలియజేయుటకు రెండు కావలెను. చెప్పదగిన సంగతి ముందుగ తనకు తెలిసియుండవలెను. చెప్పుటకు అధికారము గల నోరు ఉండవలెను. ఈ రెండింటిలో ఏది లోపించినను విన్నపము విన్నపము కాదు. మన పట్టణముల చరిత్రను ఈ దృష్టితోనే పరిశీలింపవలెనని నా మనవి.

ఉత్తరాంధ్రపు ప్రాచీన పురపాలక సంఘములలో మూడింటిని చూతము: శ్రీకాకుళము, భీమునిపట్టణము, విజయనగరము. మూడింటి పుట్టుకయు మూడు విధములు.

శ్రీకాకుళము నాగావళీ తీరమున సర్కారువారి పట్టణముగ పెరిగినది. గోలకొండ కుతుబ్షాహీల కాలమున ఫౌజుదారున కది ముఖ్యస్థానము. షేర్ మహమ్మదుఖాను 1641లో కట్టించిన జుమ్మా మసీదు ఆ కాలమునకు సాక్షి. అచ్చటి సన్నని నేతబట్టలకు దేశాంతరముల కీర్తి యుండెడిది. ఆంగ్లేయుల పాలనలో ఆ పరిశ్రమ క్షీణించెను. భీమునిపట్టణము వర్తకుల రేవు. పదునేడవ శతాబ్దమున డచ్చివారచట కొఠీ పెట్టిరి. 1825లో అది ఆంగ్లేయుల వశమాయెను. విజయనగరము కోటచుట్టు పెరిగిన ఊరు. 1713లో కోటకు పునాది పడినది మొదలు ఆ పట్టణపు మంచిచెడ్డలు పూసపాటివారి సంస్థానమును అంటిపెట్టుకొనియే యుండెను.

మొదటి రెండు పట్టణములు పురపాలక సంఘములైన తీరు గమనింపదగినది. 1850లో ఈస్టిండియా కంపెనీవారు ఒక చట్టము చేసిరి. వీథులు బాగుచేసికొనుటకు, దీపములు పెట్టుకొనుటకు, మురుగు తీసివేసికొనుటకు పన్ను వేసికొను అధికారము ఊరివారికి ఆ చట్టము వలన లభించును. కాని ఊరివారు తామై కోరిననే గాని అది అమలు కాదు. తమమీద పన్ను వేయుమని తామే యర్జీ పెట్టుకొను జనులు ఎచ్చటను తఱచుగ నుండరు గదా! అట్టి కాలమున, సిపాయీల తిరుగుబాటునకు ఒక యేడు ముందుగ, అనగా 1856లోనే శ్రీకాకుళమునకు పురపాలక సంఘ మేర్పడినట్లు స్థానిక చరిత్ర చెప్పుచున్నది. భీమునిపట్టణమున 1861లో ఏర్పడెను. దేశములోని అతిప్రాచీన పురపాలక సంఘములలో ఈ రెండింటిని లెక్కింతురు.

విజయనగరపు పద్ధతి వేఱు. అచట కళాశాల కావలెనన్న మహారాజువారు పెట్టించిరి. 1885లో గడియారపు స్తంభము లేచినది. బజారు, సత్రములు, ఘోషా స్త్రీలకు వైద్యశాల, అన్నియు సంస్థానపు ఔదార్యముతో ముడిపడియున్నవే. అచట 1888 వఱకు పురపాలక సంఘము పుట్టలేదు. పుట్టవలసిన అవసరము జనులకు తోచకుండుటయు సహజమే. దాత పెట్టుచుండగా పంక్తిలోనివాడు వంటలెక్క అడుగడు. నేను ఆ దానములను తక్కువ చేయుట లేదు; వానివలన చదువుకొన్నవారు మన ప్రాంతమున వేలకొలది కలరు. అయినను ముందు కళాశాలయా, ముందు మంచినీరా అను విచారణ కోటలో జరుగవలసినదే గాని వీథిలో జరుగుటకు వీలుండెడిది కాదు. దానమునకును హక్కునకును భేద మిచ్చటనే యున్నది.

పురపాలక సంఘము ఏర్పడిన మాత్రమున ధనము వచ్చి వ్రాలదు. 1865లో చెన్నరాజధానిలో పట్టణాభివృద్ధి చట్టము వచ్చెను. దానివలన పోలీసువారి ఖర్చులో పెద్ద భాగము పట్టణముల నెత్తిన బడెను. ఊరిలో కాలువ త్రవ్వుటకు వేసిన పన్ను జవానుల జీతములకు పోవుచుండెను. 1871 నాటి చట్టము ఆ భారమును తొలగించెను గాని, పాఠశాలలు, వైద్యశాలలు, టీకాలు వేయించుట మున్నగు క్రొత్త పనులను ఒప్పగించెను. ఈ మార్పునకు మూలము 1870లో మేయో ప్రభువు చేసిన యేర్పాటు. కేంద్రప్రభుత్వము విద్య, వైద్యము, పోలీసు, బాటలు మొదలగు శాఖలను రాజధానీ ప్రభుత్వముల కప్పగించి, అంతకుముందు ఆ శాఖలకగుచున్న వ్యయముకంటె తక్కువ సొమ్ము నిర్ణయించి యిచ్చెను. లోటును స్థానికపు పన్నులతో పూరించుకొనుమనెను. పని క్రిందికి దిగినది. సొమ్ము మాత్రము దారిలో తఱిగినది. నాటినుండి నేటివఱకు స్థానిక పరిపాలనలో నున్న చిక్కంతయు ఈ ఒక్క వాక్యములో నిమిడియున్నదని నాకు తోచుచుండును.

చిన్న యుదాహరణము చెప్పెదను. 1876 నాటి వరదలో శ్రీకాకుళమున నాగావళిపై వంతెనకు గల కమానులలో ఆఱు కొట్టుకొనిపోయినవి. ఆ వంతెన ఒక్క పట్టణమునకే పనికివచ్చునది కాదు. ఉత్తరమునకు పోవు బాటసారి కెల్ల అదే దారి. ఇరువది వేలమందియైన లేని ఊరు ఇంటిపన్నుతో నదిపై వంతెన కట్టగలదా? కట్టలేదు. ఊరి వీథిని ఊరు బాగుచేసికొనవలెను. దేశమున కుపయోగపడు వంతెనను దేశపు ధనముతోనే కట్టవలెను. ఏది తన పని, ఏది పైవారి పని అని తెలిసికొనుటయే విన్నపమునకు మొదటి మెట్టు. సర్వకార్యములకును కోశమే ఆధారమని కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున బోధించెను. ఎవరి కోశమునుండి ఏ పని జరుగవలెనో తేల్చుకొనుట దాని తరువాతి పాఠము.

1882 మే నెలలో రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి ప్రసిద్ధమైన తీర్మానము ప్రకటించెను. పరిపాలన తక్షణమే బాగుపడునని కాదు, ప్రజలకు రాజ్యాంగవిద్య అలవడునని ఆయన యభిప్రాయము. ఉపాధ్యాయవృత్తిలో నుండిన నాకు ఈ మాట మిక్కిలి ప్రీతిపాత్రము. దాని ననుసరించి 1884లో చెన్నరాజధానిలో జిల్లా మునిసిపాలిటీల చట్టము వచ్చి, సభ్యులలో నాలుగింట మూడు వంతులవఱకు పన్ను చెల్లించువారు ఎన్నుకొనుటకు వీలు కలిగెను. విజయనగర పురపాలక సంఘము ఈ చట్టపు నీడలోనే పుట్టినది. 1920 చట్టము కౌన్సిలు అధికారములను పెంచెను. 1930లో ప్రభుత్వము సభ్యులను నియమించు పద్ధతి పోయెను. అయితే 1933లో చేసిన సవరణచే కమీషనరను ఉద్యోగిని ప్రభుత్వమే పంపుట కవకాశ మేర్పడెను. ఒక చేతితో నిచ్చిన స్వాతంత్ర్యమును రెండవ చేయి పట్టుకొనియే యుండెను.

ఇక పన్నుల కథ. మన పెద్దలనోట 'టోలుగేటు' అను మాట వినని వారుండరు. బండికింత అని బాటమీద వసూలుచేసిన సొమ్ము స్థానిక సంఘములకు ముఖ్యమైన ఆదాయము. మోటారుబండ్లు వచ్చిన పిమ్మట, 1931లో చెన్నరాజధాని ప్రభుత్వము మోటారు వాహనముల పన్ను తాను తీసికొని, టోలుగేట్లను ఎత్తివేయించి, నష్టపడిన సంఘములకు బదులు సొమ్ము చెల్లింప నేర్పాటు చేసెను. బాటసారికి సుఖమైనదనుటకు సందేహము లేదు. కాని తాను వసూలుచేసికొను సొమ్మునకును, పైవారు లెక్కగట్టి పంపు సొమ్మునకును ఎంత యంతరము! బండ్లు హెచ్చినకొలది టోలు హెచ్చును. బదులు సొమ్ము హెచ్చవలెనన్న మరల అర్జీ పెట్టుకొనవలెను.

వృత్తిపన్నును 1987లో రాష్ట్రప్రభుత్వము ప్రత్యేక చట్టముచే తాను వసూలు చేయ నారంభించెను. 1939 చట్టము ననుసరించి వచ్చు వినోదపు పన్నులో అధికభాగము స్థానిక సంఘములకే చేరుచుండెడిది. 2017లో అదియు వస్తుసేవల పన్నులో కలిసిపోయెను. ఇంటిపన్నొక్కటి మాత్రము పురపాలక సంఘములకు నిలిచినది. దానికిని అద్దెవిలువ బదులు ఆస్తి మూలధన విలువ ఆధారము కావలెనని 2020లో మన రాష్ట్రమున చట్టము సవరింపబడెను. చూడుడు, ఈ మార్పులలో నొక్కటియు పట్టణములు చేసినది కాదు. అన్నియు పైన చట్టములవలన జరిగినవే. కావున పురపాలక సంఘము ధనమునే గాదు, చట్టమునుగూడ అడుగవలసియున్నది. 'ఈ సంవత్సరము ఇన్ని లక్షలు దయచేయుడు' అను కోరిక ఒక యేటితో తీరును. 'ఈ పన్నులో మా వాటా ఇంత అని చట్టములో వ్రాయుడు' అను కోరిక తరములకు తీరును. మొదటిది అన్నము పెట్టుమనుట. రెండవది పొలమునకు పట్టా యిమ్మనుట.

1992లో పార్లమెంటు ఆమోదించి 1993 జూను మొదటి తేదీనుండి అమలైన 74వ రాజ్యాంగ సవరణ పట్టణములకు పెద్ద మేలు చేసినది. పదునెనిమిది విషయముల పట్టిక నొకదానిని రాజ్యాంగమున చేర్చినది. కౌన్సిలు గడువు ఐదేండ్లనియు, గడువు తీరకముందే ఎన్నికలు ముగియవలెననియు చెప్పినది. రాష్ట్రమునకొక ఆర్థికసంఘ ముండి పట్టణముల వాటాను విచారింపవలెనన్నది. అయితే ఆ పదునెనిమిది విషయములలో దేని నెంతవఱకు అప్పగింపవలెనను నిర్ణయమును శాసనసభకే విడిచినది. ద్వారము తెఱచినది గాని, లోనికి రమ్మని పిలువవలసినది శాసనసభయే. 'అడుగనిదే అమ్మయైన పెట్ట'దను సామెత ఇచ్చట చక్కగ నన్వయించును.

అడుగవలెనన్న నోరుండవలెనని మొదట మనవి చేసితిని. ఆ మూడు పట్టణముల నోళ్లు ఏమైనవో చూతము.

భీమునిపట్టణము 2013లో మహావిశాఖ నగరపాలక సంస్థలో విలీనమాయెను. నూటయేబది సంవత్సరములు తన తీర్మానములు తాను వ్రాసికొన్న ఊరు తొంబదియెనిమిది డివిజన్ల నగరమున కొన్ని డివిజన్లుగ మాత్రమే మిగిలెను. రేవుపట్టణపు అవసరములు మహానగరపు పట్టికలో ఏ వరుసలో నిలుచునో తెలియుట కష్టము.

విజయనగరము 2015లో నగరపాలక సంస్థగ ప్రకటింపబడెను. 2019లో ఆ హోదా అమలు జరిగెను. 2021 మార్చిలో ఏబది డివిజన్లకు ఎన్నికలు జరిగి ప్రజల పాలకవర్గ మేర్పడెను. 1901లో ముప్పదియేడు వేల జనముండిన ఊరు 2011 నాటికి రెండు లక్షల ఇరువదియెనిమిది వేలకు చేరినది. నెల్లిమర్లకడ చంపావతినుండి, ముషిడిపల్లికడ గోస్తనినుండి దానికి నీరు వచ్చుచున్నది. అనగా పట్టణము పెరిగినకొలది పల్లెసీమల నదులపై దాని దాహము పెరుగుచున్నదన్నమాట.

ఇక శ్రీకాకుళము. 1901లో పదునెనిమిది వేలుండిన జనము 2011 నాటికి లక్ష యిరువదియైదు వేలు దాటినది. అదియు 2015లోనే నగరపాలక సంస్థగ ప్రకటింపబడినది. కాని 2010లో కౌన్సిలు గడువు తీరిన పిమ్మట చుట్టుపట్ల గ్రామములను కలుపుటను గూర్చిన వివాదము న్యాయస్థానముల కెక్కి, 2014 ఎన్నికలలోగాని, 2021 ఎన్నికలలోగాని అచ్చటివారికి ఓటువేయు భాగ్యము కలుగలేదు. అందఱికంటె ముందు పురపాలక సంఘమును కోరి తెచ్చుకొన్న పట్టణమునకే దశాబ్దమునకు పైగా కౌన్సిలు లేకుండెను. ప్రత్యేకాధికారులు పాలించిరి. వారు వేయించిన రోడ్డు రోడ్డు కాదని నేననను, వారిలో సమర్థులుండిరి. కాని అధికారి ప్రభుత్వమునకు వ్రాయునది నివేదిక. ప్రజలు ప్రభుత్వమునకు వ్రాయునది విన్నపము. ఒకటి రెండవదానికి బదులు కాజాలదు.

విలీనమునకు ఎంచబడిన గ్రామముల బాధ మఱియొకటి. గ్రామము పట్టణములో కలిసిన ఇంటిపన్ను మాఱును. ఉపాధిహామీ చట్టము గ్రామములకే గాని పురములకు వర్తించునది కాదు గనుక, కలిసినవారికి ఆ కూలిపని పోవును. సర్పంచి పదవి పోవును. దానికి బదులు కౌన్సిలులో తమ సభ్యుడు వచ్చిన పోనిమ్మనుకొనవచ్చును. ఆ సభ్యుడును రాకున్న ఆ ఊరి గతి రెంటికి చెడిన రేవడి గతియే. కావుననే ఈ ప్రసంగము గ్రామపెద్దలకు ముఖ్యమని నేను భావించితిని.

నోరు లేకున్న నష్ట మెట్టిదో గ్రామములకు అనుభవముచేతనే తెలియును. మన రాష్ట్రమున పంచాయతీల గడువు 2018 ఆగస్టులో తీరినది. ఎన్నికలు 2021 ఫిబ్రవరివఱకు జరుగలేదు. చట్టప్రకార మెన్నికైన సంఘములకే సొమ్ము చెల్లునని పదునాలుగవ ఆర్థికసంఘము నియమము పెట్టియుండుటచే, ఆ నడిమికాలమున కేంద్రపు గ్రాంటులు నిలిచిపోయినవి. ఆ సొమ్ముతో బాగుపడవలసిన బావులును దీపస్తంభములును అట్లే యుండిపోయినవి. ఎన్నిక అనునది గౌరవమునకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు, కోశమునకు సంబంధించిన సంగతియు అని దీనివలన తేలుచున్నది.

నోరున్న పట్టణము ఏమి చెప్పవలెను? ఇందు నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేసెదను.

మొదటిది: సొంత పన్నుతో చేయదగిన పనిని పైకి పంపరాదు. ఊడ్పు, దీపము, వీథికాలువ ఇట్టివి. వానినిగూడ అడిగినవాని పెద్ద కోరికకు విలువ తగ్గును.

రెండవది: ప్రతి వార్డునకు ఒక కోరిక చొప్పున ఏబది కోరికలు వ్రాసిన పట్టిక పట్టిక కాదు. ఏబదిమంది సభ్యులు కూర్చుండి, ఊరందఱికిని పనికివచ్చు మూడు నాలుగింటిని ముందుంచి, తక్కినవానిని వెనుకకు త్రోసికొనవలెను. తన వీథి పని వెనుకకు పోయినపుడు ఊరకుండగల సభ్యుడే నిజమైన పౌరుడు. రిప్పను చెప్పిన విద్య ఇదియే.

మూడవది: ధనము కోరికను చట్టము కోరికతో కలిపి వ్రాయరాదు. రెండింటికి తీర్మానములు వేఱుగ నుండవలెను. పదునైదవ ఆర్థికసంఘము 2021 నుండి ఐదేండ్లకిచ్చిన నిధులలో, మన పట్టణములవంటివానికి నూటికి 60 వంతులు మంచినీటికిని పారిశుద్ధ్యమునకును కట్టివేయబడినవి. ఆ రెండును ముఖ్యములే. కాని కట్టులేని భాగము పెరుగవలెనన్నచో అది నియమము మారుటవలననే గాని, ఏటేట పెట్టు అర్జీవలన కాదు.

నాలుగవది: పట్టణపు పట్టికలో పొరుగు గ్రామములకు చోటుండవలెను. చంపావతిలో నీరు తీసికొనునపుడు ఆ యొడ్డు రైతునకేమి మిగులును? నాగావళిలో మురుగు వదలుటకుముందు శుద్ధిచేయు యంత్రశాల ఎచ్చట, ఎవరి ఖర్చుతో? ఈ ప్రశ్నలు పట్టణము వేసికొననిచో గ్రామములు వేయవలెను. జిల్లా ప్రణాళికా సంఘమున పట్టణమువారు, గ్రామమువారు కూడి కూర్చుండవలెనని ఆ రాజ్యాంగ సవరణయే చెప్పియున్నది. పెద్దలు తమ ప్రాదేశిక సభ్యులను ఈ సంగతి యడుగవలెను.

తమమీద పన్ను వేయుమని తామే అడిగిన శ్రీకాకుళపు పూర్వులు అమాయకులు కారు. పన్ను చెల్లించువానికే లెక్క అడుగు హక్కుండునని, లెక్క అడుగువాని మాటనే ప్రభుత్వము శ్రద్ధగ వినునని వారెఱిగియుందురు. మన వంతు పన్ను మనము చెల్లించి, మన సభ్యుని మనము ఎన్నుకొని, ఏది ముందో ఏది వెనుకో తేల్చుకొని వ్రాసిన కాగితమే విన్నపము. తక్కినదంతయు యాచన. యాచనకు దయ కావలెను. విన్నపమునకు సమాధానము కావలెను. సమాధానము అడుగు జనులుగ మన పట్టణములును పల్లెలును నిలుచుగాక యని కోరుచు విరమించుచున్నాను.